సియెర్రా లియోన్‌లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది గుంటూరు దగ్గర పల్లెటూరు. మూడు నెలలుగా పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లోని బో పట్టణంలో ఓ బియ్యం మిల్లులో పనిచేస్తున్నాను.

మా గేటు కాపలా పెద్దాయనకు కుడి చెయ్యి మణికట్టు పైనుంచి లేదు. తాళంకప్పను మోచేతి మడతలో ఇరికించుకుని ఎడమ చేత్తో తిప్పి తీస్తాడు. యుద్ధంలో తిరుగుబాటుదారులు నరికారట. ఆ గుంపులో తిరిగిన ఒకతను ఇప్పుడు ఆయన ఊళ్లోనే వడ్రంగి. ఇద్దరూ ఒకే మసీదుకు వెళ్తారు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు.

1991లో మొదలైన ఇక్కడి అంతర్యుద్ధం 2002 జనవరిలో ముగిసింది. ఆయుధాలు అప్పగించిన 70 వేల మందికి పైగా పోరాటగాళ్లలో చాలామందికి వడ్రంగం, కుట్టుపని లాంటివి నేర్పించారు. అది అవసరమే, కాదనను. కానీ బాధితులకు పరిహారం ఇవ్వాలని యుద్ధంలో జరిగిన దారుణాలను విచారించిన సత్య, సయోధ్య కమిషన్ 2004లోనే చెప్పినా, డబ్బు అందింది ఏళ్లు గడిచాక, అదీ కొద్దిగా. నాకిది అన్యాయంగానే అనిపిస్తోంది.

పరిహారం కోసం బాధితుల పేర్లు రాసుకున్నప్పుడు పెద్దాయన ఊళ్లో లేడట. ఇప్పుడైనా ఆయన పేరు ఎక్కించే వీలుందా? ఎవరిని కలవాలి? మన దగ్గర తక్కువ ధరకు కృత్రిమ చెయ్యి చేసేవాళ్లెవరైనా తెలుసా? కొలతలు ఎలా తీసి పంపాలో చెప్పినా చాలు, ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇంకొకటి. ఆ వడ్రంగి గురించి నేను ఆయన్ని అడగొచ్చా, అడగకూడదా?