మినాక్సిడిల్ లోషన్ వాడే ఇంట్లో గర్భిణి, చిన్నపిల్లలు ఉంటే ఏ జాగ్రత్తలు అవసరం?

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు)

నా వయసు 33. నడినెత్తిన జుట్టు పలచబడుతుండడంతో చర్మవైద్యుణ్ని కలిశాను. వంశపారంపర్యంగా వచ్చే బట్టతల లక్షణమేనని చెప్పి, 5 శాతం మినాక్సిడిల్ లోషన్‌ను రోజుకు రెండు పూటలా, పూటకు ఒక మిల్లీలీటరు చొప్పున రాసుకోమన్నారు. మందుల షాపులో ఆయన రాసిన సీసా లేదు. 'అదే మందు, ఇంకా బాగా పనిచేస్తుంది' అంటూ వేరొకటి ఇచ్చారు. ఇంటికి వచ్చి చదివితే దాని మీద మినాక్సిడిల్‌తో పాటు ఫినాస్టెరైడ్ 0.1 శాతం అని కూడా ఉంది. నా భార్యకు ఇప్పుడు మూడో నెల. రెండేళ్ల మా పాప రోజూ నా తలగడ మీదే నిద్రపోతుంది. సీసా మూత ఇంకా తీయలేదు. వాడవచ్చా?

జవాబు 1 (ఫార్మసిస్టు)

దయచేసి ఆ సీసాను వాడకండి. షాపువారు చెప్పినట్టు అది అదే మందు కాదు. మినాక్సిడిల్ హార్మోన్ల జోలికి పోదు; ఫినాస్టెరైడ్ మాత్రం టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే మరో హార్మోన్‌గా మారకుండా అడ్డుపడుతుంది. కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే, జననాంగాలు సరిగ్గా ఏర్పడడానికి ఆ రెండో హార్మోనే కావాలి. అందుకే విరిగిన ఫినాస్టెరైడ్ మాత్రలను గర్భిణులు చేత్తో కూడా తాకకూడదని హెచ్చరిస్తారు. మాత్రకు పైపూత అయినా ఉంటుంది, తడిగా రాసుకునే లోషన్‌కు ఆ రక్షణ కూడా లేదు; చేతులకు, దువ్వెనకు, తువ్వాలుకు అంటుకుంటుంది.

మీ విషయం కూడా ఆలోచించాలి. పైపూతగా వాడే ఫినాస్టెరైడ్‌ను అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇంతవరకు ఆమోదించలేదు. అక్కడ కొన్ని ఫార్మసీలు సొంతంగా కలిపి అమ్మే ఇటువంటి మందుల గురించి 2025 ఏప్రిల్‌లో అది ఒక హెచ్చరిక చేస్తూ, 2019 నుంచి 2024 వరకు తనకు అందిన 32 ఫిర్యాదులను ప్రస్తావించింది. వాటిలో అంగస్తంభన లోపం, ఆందోళన, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు వంటివి ఉన్నాయి. ఫిర్యాదు అందినంత మాత్రాన కారణం ఆ మందేనని రుజువైనట్టు కాదన్నది నిజమే. కానీ తలకు రాసుకునేదే కదా, రక్తంలోకి వెళ్లదన్న ధీమా మాత్రం సరికాదు. వైద్యులు తెలిసి రాయడం వేరు, వారు రాయని మందును షాపులో చేతిలో పెట్టడం వేరు. ఆ రెండో పని ఏ ఫార్మసిస్టూ చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

జవాబు 2 (పసిబిడ్డ తల్లి)

కేవలం మినాక్సిడిల్ వాడినా పాప విషయంలో జాగ్రత్త తప్పదండీ. స్పెయిన్‌లోని నవార్రా ప్రాంతంలో ఒక పసిబిడ్డకు ఒళ్లంతా వెంట్రుకలు మొలవడానికి కారణం వెతికితే, బిడ్డను చూసుకుంటున్న తండ్రి తలకు మినాక్సిడిల్ రాసుకుంటున్నట్టు తేలింది. ఇటువంటి కేసులను పరిశీలించిన యూరప్ మందుల సంస్థ, పిల్లలకు ఈ మందు తగలకూడదన్న హెచ్చరికను 2024లో సమాచార పత్రంలో చేర్చమంది. తగలడం ఆగిపోయాక కొన్ని నెలల్లో ఆ వెంట్రుకలు పోయాయి.

మా ఇంట్లో మావారు సాయంత్రం చీకటి పడగానే రాసుకుంటారు. పడుకునేలోగా నాలుగు గంటలు ఆరాలన్నది ఉద్దేశం. రాసుకున్న వెంటనే చేతులు సబ్బుతో కడుక్కుంటారు, ఆయన తలగడను బిడ్డ దగ్గరకు రానివ్వం. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త, పిల్లులకు ఈ మందు కొద్దిగా ఒంట్లోకి పోయినా ప్రాణాంతకం కావచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. సీసా తిరిగి ఇచ్చేస్తాను, పాపకు వేరే తలగడ వేస్తాము. ఒక విషయం రాయలేదు: నేను రక్తపోటుకు మాత్ర వాడుతున్నాను. మినాక్సిడిల్ దానికి అడ్డమవుతుందా?

జవాబు 3

ఇది చర్మవైద్యునికి తప్పక చెప్పవలసిన సంగతి. మినాక్సిడిల్ మొదట తీవ్రమైన రక్తపోటుకు మాత్రగా 1979లో అమెరికాలో ఆమోదం పొందింది. అది మింగినవారికి ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం చూశాకే జుట్టుకు పైపూతగా ప్రయత్నించారు. ఆరోగ్యంగా ఉన్న మాడు మీద రాస్తే రక్తంలోకి చేరేది సగటున రెండు శాతం లోపే. కానీ మాడు మీద పుండ్లు, దద్దుర్లు ఉన్నా, త్వరగా ఫలితం రావాలని మోతాదు పెంచినా అది ఎక్కువవుతుంది. గుండె దడ, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, పాదాల వాపు, ఉన్నట్టుండి బరువు పెరగడం వంటివి కనిపిస్తే మందు ఆపి వెంటనే వైద్యుణ్ని కలవండి.

దురద, పొట్టు రాలడం మాత్రం చాలామందిలో మినాక్సిడిల్ వల్ల కాక, అది కరగడానికి లోషన్‌లో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ వల్ల వస్తాయి. అది లేని, నురగలా వచ్చే ఫోమ్‌కు మారితే తరచుగా తగ్గుతాయి. తొలి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలితే భయపడి మానకండి, విశ్రాంతి దశలో ఉన్న పాత వెంట్రుకలు ఊడి కొత్తవాటికి చోటిస్తాయి. ఫలితం తెలియడానికి కనీసం నాలుగు నెలలు పడుతుంది. వాడడం ఆపేస్తే వచ్చిన జుట్టు మూడు నాలుగు నెలల్లో తిరిగి పోతుంది కనుక, ఇది ఏళ్ల తరబడి వాడవలసిన మందని తెలుసుకొని, పుట్టబోయే బిడ్డ ఇంట్లో తిరిగే రోజులను కూడా లెక్కలోకి తీసుకొని మొదలుపెట్టండి.