ముచ్చికా తొడిమా ఒకటేనా?

పిల్లాడి బోటనీ పుస్తకంలో పత్రవృంతం, పుష్పవృంతం అని ఉంటే కాడే కదరా అని చెప్పేశా గానీ తర్వాత డౌటొచ్చింది, మనం తోటకూరకి కాడ అంటాం, మామిడికాయకి తొడిమ, తాటాకుకి మట్ట, వంకాయకి ముచ్చిక, ఇవన్నీ వృంతాలేనా? మా ఇంట్లో అయితే ముచ్చికా తొడిమా కలిపేస్తారు.

— మా వైపు వేరేనండి. తొడిమంటే ఒట్టి కాడ. వంకాయ మీద పచ్చగా, ఒక్కోసారి ముళ్ళతో అంటుకుని ఉంటుంది చూడండి, అవి పువ్వు తాలూకు రక్షకపత్రాలే, పూరేకులు రాలిపోయినా అవి రాలవు, కాయతో పాటే పెరుగుతాయి. వాటితో కలిపి మేం ముచ్చిక అంటాం. గుత్తివంకాయకి ముచ్చిక ఉంచి నాలుగు పక్షాలుగా కోస్తాం కదా, తీసేస్తే కాయ విడిపోతుంది. మామిడికి అలాంటిదేం మిగలదు, అందుకే తొడిమే. చిక్కంతో కోసేటప్పుడు కూడా కాస్త తొడిమ ఉంచే కోస్తారు, మొదలంటా ఊడితే సొన కారి తొక్క మీద మచ్చలు పడిపోతాయి.

— మా దిక్కు గంత తేడా లేదన్నా, తొడిమె అంటే అయిపాయె.

— మట్ట సంగతి ఇంకా తికమక. తాటికైతే ఆకు కింది కాడే మట్ట, కొబ్బరికైతే మొత్తం ఆకునే మట్ట అనేస్తాం.

— నాకైతే అరటి దగ్గర మనవాళ్ళ పరిశీలన భలే నచ్చుతుంది. పైకి కనపడేది అసలు కాండం కాదు, ఆకుల అడుగుభాగాలు ఒకదాని మీద ఒకటి చుట్టుకున్నదే, పుస్తకంలో మిథ్యాకాండం. గెల వేసే ముందు దుంపలోంచి నిజమైన కాండం మధ్యలోంచి పైకొస్తుంది. వంటింట్లో దానికి వేరే పేరే ఉంది, దవ్వ, ఆవపెట్టి కూర చేసుకునేది అదేగా! వృంతం లాంటి మాట మీద నాకు కోపం లేదండి, సమాసాలకి బాగా కుదురుతుంది, తొడిమతో పత్రతొడిమ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. కానీ పుస్తకాల్లోకి తల్లివేరు, చేవదారువు (మాను మధ్యలో ఉండే గట్టి చేవ) అని వాడుకమాటలు తీసుకున్నవాళ్ళు దవ్వని ఎందుకు వదిలేశారో.

— అన్నట్టు జీడిమామిడి పండు కూడా ఉబ్బిన పుష్పవృంతమే, అంటే తొడిమే, అసలు కాయంటే దాని కింద వేలాడే గింజే.

— అయితే మేం తొడిమ తిని కాయ అమ్ముకుంటున్నామన్నమాట 😀 దవ్వని కొన్నిచోట్ల దూట అంటారు, మీ ఊళ్ళో ఏమంటారో చెప్పండి.