స్టాక్‌హోమ్‌లో ఒక్క రోజు ప్రైవేట్ టూర్: కారా, నడకా?

డిసెంబర్ రెండో వారంలో అమ్మానాన్నలతో స్టాక్‌హోమ్ వెళ్తున్నాం. ఊరు చూడ్డానికి దొరికేది ఒక్క రోజే. ఆ నెలలో అక్కడ మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గూకుతుంది, వెలుతురు ఉండేది ఆరు గంటలు. అందుకే ప్రైవేట్ గైడ్‌ని మాట్లాడుకుందామనుకుంటున్నాం.

అసలు చిక్కు గమ్లా స్టాన్ దగ్గరే. ఆ పాత బస్తీ నిండా రాళ్లు పరిచిన ఇరుకు సందులు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మంచు పడితే ఎక్కడ జారుతుందోనని నాకు టెన్షన్. కారు తీసుకున్నా ఆ సందుల్లోకి రాదు కదా, మరి ఎక్కడ దింపుతారు? రాజప్రాసాదం వైపు నుంచి వెళ్తే నడక తగ్గుతుందా?

నాన్నకేమో వాసా ఓడ చూడకపోతే కుదరదట. 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి తీసిన ఓడ. అది ఎలాగూ మ్యూజియం లోపలే కాబట్టి చివర్లో పెట్టుకుంటే వెలుతురు వృథా కాదనిపిస్తోంది. సరేనంటారా?

ఇంకోటి, డిసెంబర్ 10న సిటీ హాల్లో నోబెల్ విందు ఉంటుంది. దాని ముందూ వెనకా రోజుల్లో మామూలు జనాన్ని లోపలికి రానిస్తారా? ఆ సమయంలో వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. గైడ్‌కిచ్చే క్రోనార్లలో (స్వీడన్ డబ్బు) టికెట్లు కలిసే ఉంటాయా, విడిగా కొనాలా?