సీడీఎస్ ఆర్డరేస్తే ఫౌజ్ కదులుతదా?

హన్మకొండ విద్యార్థి: గ్రూప్స్‌కు చదువుతున్న. రాష్ట్రపతి సర్వసైన్యాధిపతి అంటరు, మళ్ల సీడీఎస్ (చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్), ఆర్మీ చీఫ్ ఉన్నరు. యుద్ధమైతే ఆర్డర్ ఎవరిది? సమజయ్యేటట్టు చెప్పున్రి.

రిటైర్డ్ హవల్దార్, నర్సంపేట: తమ్మీ, యుద్ధం చెయ్యాల్నా వద్దా అన్నది ఫౌజ్ తేల్చేది కాదు. ప్రధాని అధ్యక్షతన భద్రతా వ్యవహారాల క్యాబినెట్ కమిటీ తేలుస్తది. రాష్ట్రపతి మాట 53వ అధికరణంల ఉన్నది గనీ నడిచేది మంత్రిమండలి సలహా మీదనే. 1999 కార్గిల్ల నియంత్రణ రేఖ దాటొద్దన్నది ఢిల్లీ. శిఖరం ఎట్లెక్కాలె అన్నది బెటాలియన్లు చూసుకున్నయి.

మా సెక్షన్ల పదిమందిమి. రాత్రి పెట్రోలింగ్‌కు పోయేముందు కమాండర్ నేల మీద రాళ్లు పేర్చేటోడు: ఇది వాగు, ఇది గుట్ట. ఒక్కొక్కలతోని మళ్లీ చెప్పించుకునేటోడు. పైన ఎంత పెద్ద ప్లానున్నా మా దాక వచ్చేది ఆ రాళ్లే.

విద్యార్థి: మరి సీడీఎస్, కాకా?

హవల్దార్: 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ మొదటి సీడీఎస్ అయిండు. త్రివిధ దళాల సంగతుల మీద రక్షణ మంత్రికి సలహాదారు. ముగ్గురు చీఫ్‌ల మీద సైనిక కమాండ్ ఉండదని అప్పుడే కేంద్రం చెప్పింది. పరీక్షల ఇక్కడే తప్పు రాస్తరు, జాగ్రత్త బిడ్డా.

కాజీపేట నుంచి ఇంకొకాయన: అండమాన్ నికోబార్ కమాండ్ గూడ రాసుకో తమ్మీ. 2001ల పెట్టిన్రు, అక్కడ మూడు దళాలు ఒక్క కమాండర్ కిందనే.