సొంత కంపెనీ పెట్టి నాకు నేనే హెచ్‌1బీ స్పాన్సర్ చేసుకోవచ్చా? 22 లక్షలు అడుగుతున్నారు

ఆకివీడు_ఏరియేటర్ | 12 జనవరి 2026

అందరికీ నమస్కారం. ఎల్లుండి భోగి. ఇంట్లో అరిసెల పాకం వాసన, బయట పందెం కోళ్ళ గోల. నాకు మాత్రం హెచ్‌1బీ (అమెరికాలో ఉద్యోగం చేయడానికి ఇచ్చే వీసా) గురించి ఒకటే టెన్షన్. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

నాకు 33 ఏళ్ళు. భీమవరంలో బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. 2020లో కరోనాకి ఇంటికొచ్చి ఇక్కడే ఉండిపోయాను, ఇంటి నుంచే పని. నాన్నకి ఐదెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. ఒకసారి తెల్లవారుజామున మూడింటికి ఏరియేటర్ (చెరువు నీళ్ళకి గాలి అందించే యంత్రం) మోటారు కాలిపోయింది. కాపలా మనిషి నిద్రలో ఉన్నాడు. ఐదింటికి చూస్తే రొయ్య పైకి తేలిపోయింది. ఆ తర్వాత ఓ చిన్న పెట్టె తయారు చేశాను. ఏరియేటర్ లాగే కరెంటు తగ్గినా, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయినా ఫోన్ మోగుతుంది. ఎత్తకపోతే ఇంట్లో ఇంకో నంబరు మోగుతుంది. చుట్టుపక్కల 40 మంది రైతులు వాడుతున్నారు, పంటకింత అని ఇస్తారు.

మా బావ డల్లాస్‌లో ఉంటాడు. మిసిసిపి డెల్టాలో క్యాట్‌ఫిష్ చెరువులవాళ్ళదీ ఇదే బాధట, రాత్రంతా ట్రక్కుల్లో తిరుగుతూ ఆక్సిజన్ చూసుకుంటారట. ఒకాయనకి నా యాప్ చూపిస్తే బాగుందన్నాడట. ఇక్కడ చూస్తే, 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటి నుంచి రొయ్య రైతు కొత్త ఖర్చంటేనే భయపడుతున్నాడు.

మా దగ్గర ఒక కన్సల్టెన్సీవాళ్ళు ఏమంటున్నారంటే: "అమెరికాలో డెలావేర్ రాష్ట్రంలో ఎల్ఎల్‌సీ (ఒక రకం ప్రైవేటు కంపెనీ) పెడదాం. ఓనర్ నువ్వే, ఉద్యోగివీ నువ్వే. కొత్త రూలొచ్చింది, ఓనరే తనకి వీసా వేసుకోవచ్చు. మూడు కంపెనీలు పెడితే లాటరీలో మూడు ఛాన్సులు." మొత్తం 22 లక్షలు, సగం ముందే ఇవ్వాలట. అమ్మ పేరున ఉన్న ఎకరం చేను తాకట్టు పెడదామని నాన్న అంటున్నారు.

ఇందులో ఎంత నిజం? కంపెనీలో 60 శాతం బావ పేరున పెడితే ఏమైనా తేడా వస్తుందా?

యనాం_గాలి

22 లక్షలా! నాకు 18 అన్నారే. మీ చెరువు గురించి వాళ్ళకి చెప్పేసినట్టున్నారు మీరు.

అత్తిలి_అమ్మాయి

నేను చేశానండి ఈ పని. న్యూజెర్సీలో ఉంటాను. నా కంపెనీయే నాకు హెచ్‌1బీ స్పాన్సర్. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

మీ కన్సల్టెన్సీవాళ్ళు చెప్పిన రూలు నిజమే. 2025 జనవరి 17 నుంచి అమల్లో ఉంది. కంపెనీలో సగం కంటే ఎక్కువ వాటా గానీ ఓటింగ్ బలం గానీ ఉన్న మనిషి అదే కంపెనీ ద్వారా హెచ్‌1బీ తీసుకోవచ్చు. అయితే మామూలుగా మూడేళ్ళు ఇచ్చేచోట ఓనరుకి మొదటిసారి 18 నెలలే ఇస్తారు, తర్వాతి పొడిగింపు కూడా 18 నెలలే. పని గంటల్లో ఎక్కువ భాగం డిగ్రీ అవసరమైన ఆ ఉద్యోగానికే పోవాలి. ఓనరుగా చేసే బేరాలు, బ్యాంకు పనులు మిగతా టైములో చేసుకోవచ్చు.

మీకూ నాకూ తేడా ఒకటుంది. నేను అప్పటికే 2018 నుంచి ఇక్కడ హెచ్‌1బీ మీద ఉన్నాను. లాటరీ ఎప్పుడో తగిలింది, ఐ140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) కూడా అప్రూవ్ అయింది. కంపెనీ మారినట్టు పిటిషన్ వేశానంతే. మీరు భీమవరం దగ్గర కూర్చుని మొదటిసారి వేస్తున్నారు. మార్చిలో రిజిస్ట్రేషన్, 215 డాలర్ల ఫీజు, 65 వేలూ ఇంకో 20 వేలూ వీసాల కోసం లాటరీ. ఆ 20 వేలు ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకే, మీకు లెక్కలోకి రావు. లాటరీ తగిలిందనే అనుకుందాం. 2025 సెప్టెంబరు 21 నుంచి, అమెరికా బయట ఉండి, చెల్లే హెచ్‌1బీ వీసా లేని మనిషికి కొత్త పిటిషన్ వేస్తే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి, అదీ పిటిషన్ వేయకముందే. ఇంచుమించు 90 లక్షల రూపాయలు. కంపెనీ అంటే మీరే కదా! ఆ 22 లక్షల్లో ఈ లక్ష డాలర్లు కలిసి ఉన్నాయా అని వాళ్ళని ఒక్క మాట అడగండి. వాళ్ళ ముఖం ఎలా మారుతుందో నాకూ చెప్పండి.

మూడు కంపెనీలు, మూడు ఛాన్సులు అన్నది పాత కథ. 2024 మార్చి నుంచి పాస్‌పోర్టు నంబరుని బట్టి మనిషిని తీస్తున్నారు, ఎన్ని కంపెనీలు వేసినా మనిషి ఒక్కడే. పైగా ఛాన్సులు పెంచుకోవడానికి కంపెనీలు కూడబలుక్కుని వేస్తే మోసం కింద లెక్క. 2026 మార్చి నుంచి జీతం లెవెల్‌ని (ఆ ఉద్యోగానికి ప్రభుత్వం పెట్టిన నాలుగు జీతం మెట్లు) బట్టి లాటరీలో చీట్లు. లెవెల్ ఒకటికి ఒక చీటీ, నాలుగుకి నాలుగు. "అయితే లెవెల్ నాలుగు వేసేద్దాం" అంటారేమో జాగ్రత్త. వేస్తే ఆ జీతం నిజంగా ఇవ్వాలి, ఆ ఉద్యోగమూ ఆ స్థాయిది అయ్యుండాలి.

మీ బావ పేరున 60 శాతం పెడితే ఓనర్ రూలు మీకు వర్తించదు, 18 నెలల కత్తెర ఉండదు. మిగతావన్నీ అలాగే ఉంటాయి: లాటరీ, లక్ష డాలర్లు, నిజమైన ఉద్యోగం, నిజమైన జీతం.

ఇక నా సంగతి. మా నాన్న కాలువ లస్కరుగా (తూములు ఎత్తి దించే పని) చేసి రిటైరయ్యారు. ఫోన్లో ఈ విషయం చెప్తే, "అంటే తూము తలుపు నువ్వే ఎత్తి నీ చేలోకే నీళ్ళు పెట్టుకుంటావా? చూసినోడు ఊరుకుంటాడా?" అన్నారు.

ఊరుకోలేదు. ముందు కార్మిక శాఖ దగ్గర ఎల్‌సీఏ (ఉద్యోగికి సరైన జీతం ఇస్తానని యజమాని ఇచ్చే హామీ పత్రం) వేశాను. ఏడు పనిదినాల్లో రావాల్సింది, తిప్పి పంపేశారు. కంపెనీ కొత్తది కాబట్టి పన్ను నంబరు వాళ్ళ రికార్డుల్లో దొరకలేదట. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చిన నంబరు లెటర్ స్కాన్ చేసి పంపి మళ్ళీ వేస్తే వచ్చింది. అందులో యజమాని సంతకం నాదే. వచ్చిన కాపీ ఉద్యోగికి అందజేయాలి, ఆ ఉద్యోగినీ నేనే. ఎవరైనా అడిగితే చూపించాల్సిన జీతం ఫైలు ఒకటుంటుంది, అది మా వంటింటి పక్క అలమరాలో పప్పుల డబ్బాల కింద పెట్టాను.

ఫీజులు చిన్న కంపెనీ కాబట్టి తక్కువే పడ్డాయి: 460, 750, 500, 300. మొత్తం 2,010 డాలర్లు. లాయరు ఫీజు వేరే. ఇవన్నీ కంపెనీ ఖాతాలోంచే కట్టాలి. పొరపాటున కూడా మన సొంత కార్డు గీకకూడదని మా లాయరు మూడుసార్లు చెప్పారు.

తర్వాత అదనపు ఆధారాలు కావాలని ఉత్తరం వచ్చింది. కస్టమర్లెవరు, ఒప్పందాలేవి, ఆఫీసెక్కడ, వారంలో ఎన్ని గంటలు ఏ పని చేస్తావు అని అడిగారు. నాది డెంటల్ క్లినిక్‌ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. అప్పటికి మూడు క్లినిక్‌లు ఒప్పందం మీద ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. వారానికి 28 గంటలు ప్రోగ్రామింగ్, 12 గంటలు కంపెనీ పనులు అని పట్టిక రాసిచ్చాను. కంపెనీ పేరు ఒక్కటే ఉండి కస్టమర్ లేకపోతే ఏం రాసేదాన్నో నాకైతే తెలీదు.

పిటిషన్ రశీదు వచ్చిన రోజు నుంచే కొత్తచోట పని మొదలెట్టొచ్చు. నేను మొదలెట్టలేదు. పాత ఉద్యోగం వదిలేశాక ఇది కాదంటే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. అప్రూవల్ కాగితం చూశాకే రాజీనామా ఇచ్చాను.

అసలు కష్టం అప్రూవల్ తర్వాత మొదలైంది. జీతం ఆపడానికి లేదు. "ఈ నెల కస్టమరు డబ్బులివ్వలేదు, వచ్చే నెల తీసుకుంటాలే" అని ఓనరు అనుకోవచ్చు, హెచ్‌1బీ ఉద్యోగికి ఆ మాట చెల్లదు. రెండో నెల రెండు క్లినిక్‌లు బిల్లు లేటు చేశాయి. నా పొదుపులోంచి తీసి కంపెనీలో పెట్టాను. శుక్రవారం పేరోల్ నడిచింది, ఆ డబ్బే నాకు జీతంగా వచ్చింది. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద ఉద్యోగి వైపు 7.65 శాతం, యజమాని వైపు ఇంకో 7.65 శాతం. రెండు వైపులా నేనే కదా, రెండూ నావే. ఆపైన ఆదాయపు పన్ను. ఎడమ జేబులోంచి తీసి కుడి జేబులో పెట్టుకునేలోపు చిల్లర మొత్తం రాలిపోయింది. ఆ రాత్రి ఆ పేస్లిప్ చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన మాత్రం నవ్వాడు.

వచ్చే నవంబరుకి నా 18 నెలలూ అయిపోతాయి. మళ్ళీ అన్ని కాగితాలూ పెట్టాలి. గ్రీన్‌కార్డుకి సొంత కంపెనీతో పెర్మ్ (ముందుగా కార్మిక శాఖ దగ్గర తీసుకునే అనుమతి) వేయడం ఇంకా కష్టం. ఓనర్‌ని అని ముందే చెప్పాలి, ఆ ఉద్యోగం బయటివాళ్ళకి నిజంగా తెరిచే ఉందని నిరూపించాలి. అందుకే దాని జోలికి పోకుండా పాత ఐ140నే పట్టుకుని కూర్చున్నాను.

ఎకరం మాత్రం తాకట్టు పెట్టకండి.

తణుకు_ఆడిటర్

పై మేడమ్‌గారు వీసా వైపు చెప్పారు, నేను లెక్కల వైపు చెప్తాను.

అమెరికాలో ఎల్ఎల్‌సీ ఎక్కడినుంచైనా పెట్టుకోవచ్చు. దానికి వీసాతో పని లేదు, దానివల్ల వీసా రాదు కూడా. పెట్టాక చాలామంది మర్చిపోయేది ఏంటంటే, విదేశీ మనిషి ఒక్కడే ఓనరుగా ఉన్న ఎల్ఎల్‌సీ ఏటా ఫారం 5472 (ఓనరుకీ కంపెనీకీ మధ్య లావాదేవీల లెక్క) ఐఆర్ఎస్‌కి వేయాలి. వేయకపోతే జరిమానా 25,000 డాలర్లు. "300 డాలర్లకే కంపెనీ" అని అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. ఇక్కడినుంచి పెట్టుబడి పంపేటప్పుడు మీ బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ (విదేశీ పెట్టుబడి వివరాల ఫారం) ఇచ్చి నంబరు తీసుకోవాలి. ఎల్ఆర్ఎస్ (మనవాళ్ళు విదేశాలకి డబ్బు పంపుకునే ఆర్‌బీఐ పథకం) కింద ఏడాదికి పరిమితి 2,50,000 డాలర్లు, మీకు అంత అవసరం పడదు. ఫోన్లో యాప్ నొక్కి డబ్బు పంపేసి తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. సరిచేయడానికి ఏడాది పట్టింది.

ఇంకో దారి ఎల్1ఏ (కంపెనీ తన మేనేజర్‌ని అమెరికా ఆఫీసుకి పంపే వీసా). దానికి లాటరీ లేదు, ఆ లక్ష డాలర్లూ లేవు. ఇక్కడ మీ కంపెనీ నిజంగా నడుస్తూ ఉండాలి. గత మూడేళ్ళలో ఏడాదిపాటు ఆగకుండా అందులో మేనేజర్ స్థాయిలో పని చేసి ఉండాలి. అక్కడ దాని శాఖ గానీ అనుబంధ కంపెనీ గానీ పెట్టాలి, ఆఫీసు చోటు చూపించాలి. కొత్త ఆఫీసుకి మొదట ఏడాదే ఇస్తారు. ఆ ఏడాదిలో మేనేజర్‌ని పోషించేంత పని అక్కడ ఉందని చూపించాలి. మీకు ఇక్కడ జీతగాళ్ళు ఎంతమంది? పంటకింత అని రైతు చేతికిచ్చే డబ్బుకి బిల్లు రాస్తున్నారా? ఈ2 (అక్కడ పెట్టుబడి పెట్టేవాళ్ళకిచ్చే వీసా) గురించి ఎవరైనా చెప్తే వినకండి, దానికి మన దేశంతో ఒప్పందం లేదు.

ఆకివీడు_ఏరియేటర్

అక్కా, ఆడిటర్‌గారూ, చాలా థాంక్స్. పండగ మూడు రోజులూ కూర్చుని నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. లస్కరు మాట దగ్గర గట్టిగా నవ్వేశారు.

కన్సల్టెన్సీకి ఫోన్ చేసి లక్ష డాలర్ల సంగతి అడిగాను. "అది మీ కేసుకి రాదు సర్" అన్నాడు. ఎందుకు రాదో మెయిల్లో రాసివ్వమన్నాను. నాలుగు రోజులైంది, మెయిలూ లేదు, ఫోనూ లేదు.

జీతగాళ్ళు అంటే ఒక్క కుర్రాడున్నాడండి, పెట్టెలు బిగిస్తాడు. బిల్లులు... రాయడం లేదు. ఈ నెల నుంచి రాస్తాను. కంపెనీ ఇక్కడే రిజిస్టర్ చేస్తాను.

బావ ఆ మిసిసిపీ ఆయనతో మళ్ళీ మాట్లాడాడు. రెండు పెట్టెలు పంపమన్నాడట, ఒక సీజన్ చూస్తాడట. అక్కడికి వెళ్ళి ఆయన్ని కలవాలంటే ఏ వీసా అక్కా? ఎల్ఎల్‌సీ కూడా ఇప్పుడే పెట్టేయమంటారా?

అత్తిలి_అమ్మాయి

కలవడానికి, బేరం మాట్లాడుకోవడానికి బీ1 (వ్యాపార పని మీద వెళ్ళొచ్చే వీసా) చాలు తమ్ముడూ. ఇక్కడే ఉండిపోయి కంపెనీ నడపకూడదు, అంతే. రెండు పెట్టెలకి ఎల్ఎల్‌సీ ఎందుకు? అక్కడినుంచే బిల్లు రాసి పంపు. ఆయన డబ్బులిచ్చాక చూద్దాం.

వాటేజీ మాత్రం చూసుకో. ఇక్కడి చెరువులు పెద్దవి, ఏరియేటర్ మోటార్లూ పెద్దవి. మీ రెండు హార్స్‌పవర్ మోటారుకి పెట్టిన సెన్సార్ వీటికి ఆగదు.

యనాం_గాలి

నాకు 18 అన్నవాడు నిన్న ఫోన్ చేసి 12కి చేస్తానన్నాడు.

ఆకివీడు_ఏరియేటర్

ఆడిటర్‌గారూ, ఒకవేళ తర్వాత ఎల్ఎల్‌సీ పెడితే ఆ 5472 ఎప్పటిలోపు వేయాలి?

తణుకు_ఆడిటర్

క్యాలెండర్ ఏడాది లెక్కైతే ఏప్రిల్ 15. టైము చాలదనుకుంటే ఆ తేదీకి ముందే ఫారం 7004 వేసి పొడిగింపు తీసుకోండి. ముందు ఆ కుర్రాడి జీతం బ్యాంకు ద్వారా ఇవ్వడం మొదలెట్టండి.