అమ్మమ్మ గొంతున్న క్యాసెట్‌కి బూజు పట్టింది, ఎలా తీయాలి?

వచ్చే నెల మా అమ్మమ్మ సంవత్సరీకం. అందరూ కూడినప్పుడు ఆవిడ గొంతు వినిపించాలని నా ఆశ. ఉన్నది 1993లో మామయ్య రికార్డు చేసిన 60 నిమిషాల క్యాసెట్ ఒక్కటే. మొదటి వైపు మంగళహారతులు. రెండో వైపు మా అమ్మకి ఆవకాయ కొలతలు చెబుతూ, మధ్యలో పిల్లిని అదిలిస్తూ ఉంటుంది. నాకు అదే ఎక్కువ ఇష్టం.

మొదటి వైపు 7 నిమిషాలు బాగానే వస్తుంది. ఆ తర్వాత కీచుమని శబ్దం, గొంతు సాగిపోతుంది, ప్లేయర్ దానంతటదే ఆగిపోతుంది. టేపు చుట్ట అంచున తెల్లటి బూజు చుక్కలు కనిపిస్తున్నాయి.

ప్లేయర్‌లో టేపుని చదివే హెడ్‌నీ, రబ్బరు రోలర్‌నీ స్పిరిట్‌తో తుడిచాను. పెన్సిల్‌తో రెండుసార్లు మొత్తం తిప్పాను. స్క్రూలు విప్పి చుట్టల్ని వేరే క్యాసెట్ డబ్బాలోకి మార్చాను. ఇంకో ప్లేయర్‌లో పెట్టినా అదే 7వ నిమిషం. పోయిన ఆదివారం టేపు రోలర్‌కి చుట్టుకుని రెండంగుళాల మేర నలిగింది, అప్పటినుంచి టెన్షన్‌తో ముట్టుకోలేదు. రిపేరు షాపతను "ఆ పాటలు యూట్యూబ్‌లో దొరుకుతాయి కదా" అన్నాడు. ఏం చెప్పను!

టేపు మీది పూత ఊడకుండా ఈ బూజుని ఇంట్లోనే తీసినవాళ్లు ఉంటే, దేనితో, ఎలా తుడిచారో చెప్తారా?