నట్సువో కిరినో ‘ఔట్’ ఆడవాళ్ళ స్నేహం కథేనా? (స్పాయిలర్లు ఉన్నాయి)

రాత్రిబస్సు:
1997 నాటి జపనీస్ నవల, ఇంగ్లీషులో చదివా. టోక్యో శివార్లలో బెంటోలు, అంటే అన్నం డబ్బాలు, ప్యాక్ చేసే ఫ్యాక్టరీ, అర్ధరాత్రి నుంచి తెల్లారి అయిదున్నర దాకా నిలబడి పని చేసే నలుగురు ఆడాళ్ళు. వాళ్ళలో యాయోయి మొగుడి మెడకి బెల్టు బిగించి చంపేస్తే మసాకో ఆ శవాన్ని కార్లో తీసుకుపోయి తన బాత్రూమ్‌లో ముక్కలు చేస్తుంది. అందరూ ఆహా ఆడాళ్ళ ఐకమత్యం అంటున్నారు, నాకస్సలు అలా అనిపించలా. చాలావరకు డబ్బు లెక్కే.

పప్పుచారు:
వాడు దాచుకున్న డబ్బంతా జూదంలో తగలేసి, పైగా కడుపులో గుద్దాడు కదండీ, మరేం చేస్తుంది?

రాత్రిబస్సు:
యాయోయి సంగతి కాదండీ. యోషియేని చూడండి, మంచానపడ్డ అత్తగారు, కూతురి స్కూల్ ట్రిప్‌కి కూడా మసాకో దగ్గర అప్పు, ఆ బాత్రూమ్‌లో కాలు పెట్టిందే డబ్బు కోసం. కునికో అయితే తన వంతు సంచులు పార్కు చెత్తబుట్టల్లో పడేసి పోయింది, కేసు బయటపడిందే అక్కడ.

సైతామాల_ఉంటా:
ఇక్కడ జపాన్ల పొద్దుగాల బెంటో కొంటే ఎన్ని గంటల్లోపు తినాల్నో కూడా లేబుల్ మీద ఉంటది, అంటే రాత్రంతా ఎవరో నిలబడి సర్దినట్టే కదా. రాత్రి 10 నుంచి పొద్దున 5 దాకా చేస్తే చట్టం ప్రకారం 25 శాతం ఎక్కువియ్యాలె, ఆ కాస్త కోసమే నైట్ షిఫ్ట్ పట్టుకుంటరు.

అట్లతద్ది:
మసాకోని వదిలేశారేం? ఫైనాన్స్ కంపెనీలో 20 ఏళ్ళు చేసి, మగాళ్ళకి జీతం ఎందుకెక్కువ అని అడిగినందుకు వేధించి పంపేశారు. జపాన్‌లో ఉద్యోగాల్లో ఆడామగా సమాన అవకాశాల చట్టం 1986 నుంచే ఉంది, కాకపోతే ప్రమోషన్ల దగ్గర కంపెనీలు సమానంగా చూడ్డానికి ప్రయత్నిస్తే చాలంది, వివక్ష మీద నిషేధం అమల్లోకి వచ్చింది 1999లో. ఇంట్లో కొడుకు మాట్లాడడు, మొగుడిది వేరే గది. ఎందుకు సాయం చేశావంటే ఆవిడకే సరిగ్గా తెలీదు, అది డబ్బు లెక్క ఎలా అవుతుంది?

రాత్రిబస్సు:
మొదటి శవం వరకు ఒప్పుకుంటా. తర్వాత ఒక వడ్డీవ్యాపారి వచ్చి, వేరే శవాల్ని కూడా ఇలాగే ముక్కలు చేసిపెడితే శవానికింత అని బేరం పెడితే సరేనంది ఆవిడే కదా! ఫ్యాక్టరీలో లైన్ స్పీడ్ పెట్టేది యోషియే, అందుకే స్కిప్పర్, అంటే కెప్టెన్, అంటారు, ఇక్కడా అదే చెయ్యి, అదే షిఫ్టు.

పప్పుచారు:
నేనింకా సగంలోనే ఉన్నా, బేరం సంగతి చెప్పేశారు 😭

రాత్రిబస్సు:
పైన రాశాగా అండీ, స్పాయిలర్లు అని.